వాహనం ఎత్తు పెంచే పనిలో చుట్ట స్ప్రింగుల తొలగింపు: కోనసీమ నేపథ్యం

చుట్ట స్ప్రింగు అంటే ఉక్కు కడ్డీని మరచుట్టుగా తిప్పి, వేడిచేసి పదునుపెట్టి తయారుచేసిన భాగం. అది వాహనపు చట్రానికీ చక్రానికీ మధ్య నొక్కుకుని నిలబడి, బండి బరువును మోస్తూ, రోడ్డు కుదుపును తనలోకి తీసుకుంటుంది. తీసుకున్న కుదుపును అది ఒక్కసారిగా తిరిగి విసరకుండా అదుపుచేసేది షాక్ అబ్జార్బరు. నేలకూ బండి అడుగు భాగానికీ మధ్య దూరాన్ని పెంచడానికి అసలు స్ప్రింగుల స్థానంలో పొడవైనవో గట్టివో వేయడాన్ని, లేదా స్ప్రింగుకు పైనో కిందో స్పేసర్ అనే దిమ్మను చేర్చడాన్ని సస్పెన్షన్ లిఫ్ట్ అంటారు. స్ప్రింగుల జోలికి పోకుండా చట్రం మీద బాడీని మాత్రమే దిమ్మలతో ఎత్తే బాడీ లిఫ్ట్ వేరే పని. అందులో ఇక్కడ చర్చించే ప్రమాదం లేదు. ఎత్తు పెంచే పని మొత్తంలో మనిషి ప్రాణానికి నేరుగా ముప్పు తేగల ఘట్టం స్ప్రింగును విప్పి తీసి, కొత్తదాన్ని ఇరికించే ఘట్టమే.

స్ప్రింగుల రకాలు, కోనసీమ బండ్లు

స్ప్రింగు సాగినా నొక్కుకున్నా దానిలో పుట్టే బలం ఆ కదలిక కొలతకు అనుపాతంగా ఉంటుందన్న సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. చుట్ట స్ప్రింగుకు ఇంగ్లండులో 1763లోనే పేటెంటు దక్కినా, గుర్రపు బగ్గీలూ వాటి వెనక వచ్చిన తొలి మోటారు కార్లూ చాలాకాలం కమాను పట్టీల (లీఫ్ స్ప్రింగుల) మీదే నడిచాయి. జనరల్ మోటార్స్ 1934 నమూనా కార్లకు ముందు చక్రాలు దేనికది కదిలే అమరికను చుట్ట స్ప్రింగులతో తెచ్చాక ఆ పద్ధతి విస్తరించింది. ఎర్ల్ మాక్‌ఫర్సన్ రూపొందించిన, షాక్ అబ్జార్బరు చుట్టూ స్ప్రింగును తొడిగి రెంటినీ ఒకే స్తంభంగా నిలిపే స్ట్రట్ అమరిక 1950 దశకం ఆరంభంలో ఫోర్డ్ కాన్సల్ కారుతో మార్కెట్లోకి వచ్చి, చిన్న కార్లన్నిటికీ దాదాపు ప్రమాణమైపోయింది.

గోదావరి గౌతమి, వసిష్ఠ పాయల మధ్య, సముద్రానికి ఆనుకుని ఉన్న కోనసీమలో అన్ని తరాల అమరికలూ ఒకే రోడ్డు మీద కనిపిస్తాయి. అంబాజీపేట మార్కెట్టుకు కొబ్బరికాయలు మోసే టాటా ఏస్ వంటి చిన్న ట్రాలీలకు ముందూ వెనకా కమాను పట్టీలే ఉంటాయి. మారుతి ఓమ్నికి ముందు స్ట్రట్లు, వెనక పట్టీలు. బొలెరోకు ముందు చుట్టలు, వెనక పట్టీలు. 2020లో వచ్చిన కొత్త థార్‌కూ, 2023లో వచ్చిన జిమ్నీకీ నాలుగు చక్రాల దగ్గరా చుట్టలే. పట్టీల కట్టను దశాబ్దాలుగా విప్పి బిగిస్తున్న మెకానిక్కుకు చుట్ట స్ప్రింగు కొత్త వస్తువేమీ కాకపోయినా, రెంటి స్వభావం ఒకటి కాదన్నది గుర్తుంచుకోవలసిన విషయం. చట్రాన్ని స్టాండ్ల మీద నిలిపి ఇరుసును దించితే పట్టీల కట్ట తన బిగువును చాలావరకు తానే కోల్పోతుంది. స్ట్రట్‌లోని చుట్ట మాత్రం బండి నుంచి విడదీసి బల్ల మీద పెట్టినా, పై నట్టు ఊడేదాకా బిగువుతోనే ఉంటుంది. పాత అలవాటు కొత్త బండి మీద పనిచేయకపోవడానికి కారణం ఇదే.

ఎత్తు పెంచాలన్న కోరిక

కొండలు లేని డెల్టాలో బండి ఎత్తు పెంచాలన్న ఆలోచన వెనక వరదా రోడ్డూ రెండూ ఉన్నాయి. 1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక ఏర్పడిన కాలువల గట్లే ఈ ప్రాంతంలో చాలా ఊళ్లకు రోడ్లయ్యాయి. ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే ఒండ్రు బంకమట్టి మీద వేసిన ఆ రోడ్లు తరచు కుంగుతాయి. కత్తిపూడి నుంచి యానాం, ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు మీదుగా ఒంగోలు దాకా సాగే 216వ నంబరు జాతీయ రహదారి, రావులపాలెం మీదుగా పోయే 16వ నంబరు రహదారి బాగున్నా, వాటిని వదిలి నది మధ్య లంక గ్రామాల వైపు తిరిగితే పరిస్థితి వేరు. 1986 ఆగస్టు వరదా, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైన 2022 జులై వరదా లంకల కాజ్‌వేలను ముంచెత్తాయి. సఖినేటిపల్లి–నరసాపురం వంటి రేవుల్లో పంటు (బండ్లను దాటించే పడవ) మీదికి బండి ఎక్కించే ఏటవాలు దగ్గర కింది భాగం రాసుకునే ఇబ్బందీ ఉంది.

వీటిలో గతుకు రోడ్డుకూ పంటు రేవుకూ నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తు నిజంగానే సాయపడుతుంది. వరదకు మాత్రం దాన్ని నమ్ముకోరాదు. ప్రవహించే నీరు ఒక అడుగు లోతు ఉంటే చాలా కార్లను, రెండడుగులు ఉంటే ఎస్‌యూవీలను సైతం కొట్టుకుపోగలదని అమెరికా జాతీయ వాతావరణ సేవా సంస్థ ఎంతోకాలంగా హెచ్చరిస్తోంది. బండి రెండు అంగుళాలు పైకి లేచినంత మాత్రాన కాజ్‌వే మీది ప్రవాహం బలం తగ్గదు. పైగా ఎత్తు పెరిగినకొద్దీ గురుత్వ కేంద్రం పైకి పోయి, కాలువ గట్టు మలుపుల్లో బండి పక్కకు ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. రెండు పక్కలా నీళ్లున్న ఇరుకు రోడ్ల ప్రాంతంలో దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

నొక్కుడులో దాగిన శక్తి

స్ప్రింగు ఎందుకు ప్రమాదకరమో అర్థం కావడానికి ఒక సాధారణ లెక్క చాలు. మిల్లీమీటరు నొక్కడానికి 30 న్యూటన్ల బలం, అంటే సుమారు మూడు కిలోల బరువు, కావలసిన స్ప్రింగును 150 మిల్లీమీటర్లు నొక్కి ఉంచితే అది 4,500 న్యూటన్లతో, అంటే దాదాపు 460 కిలోల బరువుతో, తిరగబడుతూ ఉంటుంది. అందులో నిలవైన శక్తి సుమారు 337 జౌళ్లు. రెండు కిలోల పీచుకాయ 17 మీటర్ల కొబ్బరిచెట్టు పైనుంచి రాలి నేలను తాకేటప్పుడు దాని వేగంలో ఉండే శక్తి దాదాపు అంతే. తేడా ఏమిటంటే కొబ్బరికాయ కిందికే పడుతుంది; అదుపు తప్పిన స్ప్రింగు ఎటు దూకుతుందో ముందు తెలియదు, దాని వెంట నట్టూ పై టోపీ ఇనుపరేకూ కూడా ఎగురుతాయి.

పొడవైన స్ప్రింగు వేసేటప్పుడు ఈ లెక్క ఇంకా కఠినమవుతుంది. నిలవయ్యే శక్తి నొక్కుడు కొలత వర్గానికి అనుపాతం కనుక, అదే గట్టిదనం గల స్ప్రింగు 50 మిల్లీమీటర్లు పొడవు పెరిగి, పాత చోటులోకి ఇమడడానికి 200 మిల్లీమీటర్లు నొక్కవలసి వస్తే, బలం 6,000 న్యూటన్లకు, శక్తి 600 జౌళ్లకు చేరుతుంది. అంటే 78 శాతం పెరుగుదల. కడ్డీ మందం కూడా మారితే మరీ ఎక్కువ: గట్టిదనం కడ్డీ వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, మిగిలిన కొలతలు అలాగే ఉండి 12 మిల్లీమీటర్ల కడ్డీ స్థానంలో 13 మిల్లీమీటర్లది వస్తే స్ప్రింగు 38 శాతం గట్టిపడుతుంది. కాబట్టి పాత స్ప్రింగును క్షేమంగా తీయగలిగిన కంప్రెసరు, అంటే స్ప్రింగును నొక్కిపట్టే మరల సాధనం, కొత్తదాన్ని బిగించడానికి సరిపోతుందని అనుకోకూడదు. ఈ పనిలో తీయడం కన్నా వేయడమే ఎక్కువ ప్రమాదకరమన్న సంగతి తగినంతగా ప్రచారంలోకి రాలేదు.

తొలగించే క్రమం

పని మొదలయ్యేది నేల దగ్గర. కోనసీమలో చాలా షెడ్ల ముందు ఒండ్రుమట్టి నేలే ఉంటుంది. వాన కురిసిన మర్నాడు పైకి గట్టిగా కనిపించినా, బండి బరువులో పెద్ద భాగం చిన్న జాకీ పాదం మీద పడేసరికి అది దిగబడుతుంది, ఒక పక్కకు దిగబడితే జాకీ ఒరుగుతుంది. అందువల్ల పని సిమెంటు నేల మీదే జరగాలి. అది లేనప్పుడు జాకీ కిందా స్టాండ్ల కిందా మందపాటి వెడల్పు చెక్క పలకలో ఇనుపరేకో పరచాలి. చేతికి అందే ఇటుకలను ఆధారంగా పెట్టడం ప్రాణాంతకం, ఎందుకంటే ఇటుక వంగదు, హెచ్చరిక లేకుండా పగులుతుంది. కొబ్బరి దుంగా పనికిరాదు, అది దొర్లుతుంది.

చేతి బ్రేకు చాలా బండ్లలో వెనక చక్రాలనే పట్టుకుంటుంది. కనుక వెనక భాగాన్ని ఎత్తిన క్షణం నుంచి ఆ బ్రేకు వల్ల లాభం లేదు. నేలమీద ఉన్న ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డుచెక్కలు పెట్టాలి. బండి బరువు స్టాండ్ల మీద, ఆ స్టాండ్లు చట్రం కింద ఉండాలి. జాకీ పాత్ర వేరు: అది ఇరుసునో, చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌నో మోస్తూ నెమ్మదిగా దించడానికి మాత్రమే. ఒకే జాకీ మీద బండిని నిలిపి, దాని కిందే పనిచేయడం అనే పాత అలవాటు ఎన్ని మరణాలకు కారణమైనా పోలేదు.

ఆ తర్వాత చేయవలసింది విడదీసే వరసను నిర్ణయించుకోవడం. వెనక ఇరుసు ఒకే కడ్డీగా ఉండి, స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ వేరువేరుగా నిలిచే జిమ్నీ వంటి అమరికలో ఇరుసు కిందికి జారకుండా ఆపేది షాక్ అబ్జార్బరే. దాని కింది బోల్టు ఊడదీసే ముందే జాకీ ఇరుసు కింద ఉండి, బరువును కొద్దిగా ఎత్తి పట్టుకోవాలి. లేకపోతే బోల్టు బయటికి వచ్చిన క్షణంలో ఇరుసు దభీమని పడి, బ్రేకు గొట్టాన్ని తెంపి, స్ప్రింగును పక్కకు విసిరేస్తుంది. బ్రేకు గొట్టపు బిగింపులు, ఏబీఎస్ వైరు, స్టెబిలైజర్ కడ్డీ లింకు ఈ ఘట్టానికి ముందే విడిపోవాలి. రెండు పక్కల షాక్‌లూ విప్పి ఇరుసును పూర్తిగా దించితే చాలా బండ్లలో స్ప్రింగు కంప్రెసరు అవసరం లేకుండానే చేతితో తిప్పితే తిరిగేంత వదులవుతుంది. అలా వదులు కాకముందు గునపంతో తోసి ఊడదీయాలని చూడకూడదు. స్ప్రింగు ఇంకా తిరగనంటోందంటే అందులో బలం మిగిలి ఉన్నట్టే.

మాక్‌ఫర్సన్ స్ట్రట్ దగ్గర చేసే పొరపాటు ఒకటుంది, అది ఎప్పుడూ అదే. బానెట్ ఎత్తగానే స్ట్రట్ తలమీద చుట్టూ రెండో మూడో చిన్న నట్లూ, నడుమ ఒక పెద్ద నట్టూ కనిపిస్తాయి. స్ట్రట్‌ను బండి నుంచి విడదీసేవి చుట్టూ ఉన్న చిన్నవి. నడిమి నట్టు స్ప్రింగు మొత్తాన్ని నొక్కి బంధించి ఉంచే ఏకైక కట్టు. స్ప్రింగును కంప్రెసరు పట్టుకోకముందు దాన్ని కదిలిస్తే పైన లెక్కవేసిన శక్తి అంతా మెకానిక్కు ముఖానికి ఎదురుగా విడుదలవుతుంది. కాబట్టి చుట్టూ ఉన్న నట్లనూ, కింద చక్రపు నకిల్‌కు ఉన్న రెండు బోల్టులనూ మాత్రమే తీసి, ఆ బోల్టుల స్థానాన్ని గీతతో గుర్తుపెట్టుకుని, స్ట్రట్ మొత్తాన్ని బయటికి తెచ్చి బల్ల మీద కంప్రెసరుకు ఎక్కించాలి.

గోడకో స్తంభానికో బిగించిన కంప్రెసరు అన్నిటికన్నా మేలు. చిన్న షెడ్లలో వాడేవి రెండు విడి కొక్కేల మరలు. వాటిని స్ప్రింగుకు సరిగ్గా ఎదురెదురుగా, వీలైనన్ని చుట్లను కలిపి పట్టేలా తగిలించి, మరకు గ్రీజు రాసి, ఒకదాన్ని రెండు మూడు తిప్పులు, మరోదాన్ని అంతే తిప్పులు, మార్చిమార్చి బిగించాలి. ఒకవైపే బిగిస్తే స్ప్రింగు విల్లులా వంగి కొక్కేన్ని జార్చుకుంటుంది. కొక్కేలకు ఉండే అడ్డుపిన్ను విరిగిందో పోయిందో అయితే ఆ సాధనాన్ని వాడకూడదు. గాలితో తిరిగే ఇంపాక్ట్ గన్‌తో ఈ మరలను తిప్పితే మరచుట్లు వేడెక్కి అరిగి ఒక్కసారిగా పట్టు తప్పుతాయి కనుక చేతి రెంచితోనే తిప్పాలి. స్ప్రింగు తన పై, కింది పీటల మధ్య చేతితో తిరిగేంత వదులైనప్పుడే నడిమి నట్టు విప్పాలి. స్ప్రింగు అక్షానికి ఎదురుగా, పైన గానీ కింద గానీ, ఎవరూ నిలబడకూడదు. కంటికి అద్దాలు తప్పనిసరి.

లోయర్ ఆర్మ్ మీద నేరుగా స్ప్రింగు కూర్చునే జంట ఆర్మ్‌ల అమరిక ఈ మూడింటిలో కష్టమైనది. అక్కడ స్ప్రింగును బంధించి ఉంచేది బాల్ జాయింటు. స్ప్రింగు చుట్ల లోపలినుంచి గట్టి ఇనుప గొలుసును చట్రానికి కట్టి, లోయర్ ఆర్మ్ కింద జాకీ ఆన్చి, బాల్ జాయింటు నట్టును పూర్తిగా తీయకుండా కొన్ని మరల మీద ఉంచి జాయింటును సుత్తితో తట్టి కదిలించి, జాకీ బరువు పట్టిందని చూసుకున్నాక నట్టు తీసి, అంగుళం అంగుళంగా దించాలి. గొలుసు ఇక్కడ స్ప్రింగును నొక్కడానికి కాదు, దూకితే ఆపడానికి. బైండింగు వైరుతోనో కొబ్బరి తాడుతోనో స్ప్రింగును కట్టి కంప్రెసరు పని చేయించే పద్ధతి ఎక్కడ కనిపించినా దాన్ని వెంటనే ఆపించాలి. 460 కిలోల బలాన్ని నమ్మకంగా పట్టుకోగల తీగ ముడి లేదు.

పని నేర్చుకునే కుర్రవాడికి స్ప్రింగును పట్టుకోమని చెప్పడం షెడ్లలో మామూలు. 1986 నాటి బాలకార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ, కుటుంబానికి సాయపడడం వంటి కొద్ది మినహాయింపులు తప్ప, పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని పూర్తిగా నిషేధించింది. ఆ వయసు దాటినవాడైనా నొక్కిన స్ప్రింగు ఎదుట అతని చేతులు ఉండవలసిన అవసరమే లేదు. సాధనం సరిగా ఉంటే స్ప్రింగును పట్టుకునే మనిషి అక్కర్లేదు.

ఉప్పు గాలి, తుప్పు

అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండ్లకు సముద్రపు గాలిలోని ఉప్పూ, రొయ్యలూ చేపలూ మోసే బండ్లకు మంచుపెట్టెల నుంచి కారే ఉప్పునీరూ అడుగు భాగాన్ని తినేస్తాయి. స్ప్రింగు ఉక్కు గట్టిదే కానీ, పై రంగుపొర లేచిపోయిన చోట తుప్పు చిన్న గుంటలు చేస్తుంది. వేల సార్లు నొక్కుకుని సాగే క్రమంలో ఆ గుంటల నుంచే బీట మొదలై, ఒకరోజు చుట్టు విరుగుతుంది. ఎక్కువగా విరిగేది నీరు నిలిచే అడుగు చుట్టే. కంప్రెసరు ఎక్కించే ముందు చుట్లన్నిటినీ తీగ బ్రష్షుతో రుద్ది చూడడం అందుకే అవసరం. బీట ఉన్న స్ప్రింగు కంప్రెసరులో ఉండగా రెండు ముక్కలైతే కొక్కేలు దేన్నీ పట్టలేవు.

పట్టేసిన బోల్టును గ్యాస్ మంటతో కాల్చి వదులు చేయడం షెడ్లలో తేలికైన మార్గం. స్ప్రింగుకు దగ్గరలో అది కూడదు: మంట తగిలిన చోట ఉక్కు పదును పోయి మెత్తబడుతుంది, ఆ మెత్తదనం పైకి కనిపించదు. తుప్పు వదిలించే నూనె ముందురోజే రాసి ఉంచడం, అవసరమైతే బోల్టు తలను రంపంతో కోసి కొత్త బోల్టు వేయడం క్షేమం. బండి ఎత్తు తగ్గించడానికి స్ప్రింగు చుట్టును గ్యాస్ కట్టరుతో కోయడం కూడా ఈ కారణంగానే తప్పు.

బిగింపు తర్వాత

కొత్త స్ప్రింగు అడుగు కొస దాని పీటలోని గాడిలో సరిగ్గా కూర్చోవాలి. ఆర్మ్‌ల రబ్బరు బుష్షుల బోల్టులను చక్రాలు గాలిలో ఉండగా కాక, బండి నేలమీద తన బరువుతో నిలిచాకే చివరిసారి బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేకు గొట్టం బిగుసుకుపోతోందేమో, ఒకే కడ్డీ ఇరుసు బండ్లలో ఇరుసు ఒక పక్కకు జరిగిందేమో చూడాలి. ఎత్తుతో పాటు ముందు చక్రాల కోణాలూ, ప్రొపెల్లర్ షాఫ్టు వంపూ మారతాయి కనుక అలైన్‌మెంటు చేయించడం పనిలో భాగమే. హెడ్‌లైట్లను కిందికి సరిచేయకపోతే ఇరుకు గట్టు రోడ్డు మీద ఎదుటి డ్రైవరు కళ్లు మూసుకుపోతాయి.

స్ట్రట్ పై పీటకూ బాడీకీ మధ్య పెట్టే స్పేసర్‌కు స్ప్రింగును విప్పనక్కరలేదు. భద్రత దృష్ట్యా సస్పెన్షన్ లిఫ్ట్ మార్గాలన్నిటిలో అదే తక్కువ ముప్పుది. స్ప్రింగుకూ దాని పీటకూ మధ్య ఇరికించే రకం మాత్రం స్ప్రింగును మరింత నొక్కి, అన్ని జాగ్రత్తలనూ తిరిగి కోరుతుంది.

చట్టం

వాహన తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నియంత్రిస్తుంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ ద్వారా చేరిన 182ఏ సెక్షను, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించే వీలు కల్పించింది. అరిగిన స్ప్రింగును తయారీదారు కొలతల ప్రకారమే కొత్తదానితో మార్చడం ఈ పరిధిలోకి రాదు. ఎత్తు పెంచే పని చేపట్టేవారు స్ప్రింగు కొనకముందే ప్రాంతీయ రవాణా కార్యాలయంలోనూ, బీమా సంస్థ వద్దా విచారించాలి.